అక్వేరియం అద్దానికి పాచి ఎందుకు పడుతుంది?

రాయ్‌పూర్ బూఢా తలాబ్‌లాంటి చెరువుల్లో నీటి అంచు రాళ్లకు పట్టేదీ, ఇంట్లో అక్వేరియం అద్దాన్ని మసకబార్చేదీ ఒకటే: పాచి. ఇది కంటికి విడిగా కనిపించనంత చిన్న శైవలాల గుంపు. మొక్కల్లాగే ఇవీ వెలుతురుతో ఆహారం తయారుచేసుకుంటాయి.

ఎరువు ఎక్కడిది?
చేపలు వదిలేసిన మేత, వాటి విసర్జన కుళ్లితే అమ్మోనియా పుడుతుంది. బ్యాక్టీరియా దాన్ని నైట్రైట్‌గా, ఆపైన నైట్రేట్‌గా మారుస్తుంది. మేతలోంచి ఫాస్ఫేట్ కూడా నీళ్లలో చేరుతుంది. ఛత్తీస్‌గఢ్ వరిపొలాలకు బలమిచ్చే నత్రజని, భాస్వరమే తొట్టిలో పాచినీ పెంచుతాయి.

అద్దం మీదే ఎందుకు?
ముందుగా బ్యాక్టీరియా అద్దంపై పలచని జిగురు పొర కడుతుంది. శైవలాలు దాన్ని పట్టుకుంటాయి. పైగా అక్కడ వెలుతురు బాగా తగులుతుంది. కిటికీ పక్కన పెట్టిన తొట్టికి పాచి త్వరగా పట్టేది అందుకే. మే నెలలో రాయ్‌పూర్ ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. నీళ్లు వేడెక్కితే పాచి ఇంకా జోరందుకుంటుంది.

రంగు ఏం చెబుతుంది?
కొత్త తొట్టిలో కనిపించే గోధుమరంగు పొర సాధారణంగా డయాటమ్‌లనే శైవలాలది. వాటి పెంకు సిలికాతో తయారవుతుంది. ఈ పొర వేలితో రుద్దితే ఇట్టే వచ్చేస్తుంది. గట్టి పచ్చ చుక్కలనైతే గీకాల్సిందే.

ఎలా తగ్గించాలి?
లైటు రోజుకు 6 నుంచి 8 గంటలు చాలు. రెండు మూడు నిమిషాల్లో తినేంత మేతే వేయండి. వారానికోసారి నాలుగోవంతు నీళ్లు తీసి, క్లోరిన్ లేని నీళ్లు పోయండి. అద్దానికి సబ్బు మాత్రం పెట్టకండి. అది చేపలకు విషం.