దారి అమ్మాయిది, తెడ్డు నాది

ఇండియా నుంచి అమ్మానాన్నలు వస్తే మనమందరం మొదట తీసుకెళ్ళేది నయాగరాకే. నీళ్ళ హోరు చూపించి, ఫోటోలు తీసి, కట్టుకెళ్ళిన పులిహోర తిని ఇంటికొస్తాం. బాగానే ఉంటుంది. కానీ కెనడాలో నీళ్ళు చప్పుడు చేయని చోట్లూ ఉన్నాయి. అలాంటి ఒక చోటు గురించి ఈసారి చెబుతాను.

టొరంటో నుంచి ఉత్తరానికి కారులో సుమారు మూడు గంటలు వెళితే ఆల్గాంక్విన్ పార్కు వస్తుంది. 1893లో ఏర్పడిన ఈ పార్కు విస్తీర్ణం దాదాపు 7,600 చదరపు కిలోమీటర్లు. అందులో 2,400కు పైగా సరస్సులు! హైవే 60 మీదుగా చేరుకోగల కెనూ లేక్‌కి కిందటి ఆగస్టు చివర్లో మేం నలుగురం వెళ్ళాం. అక్కడ కాటేజీలు, పిల్లల వేసవి క్యాంపులు ఉన్నాయి, మోటారు పడవలూ తిరుగుతాయి. కాబట్టి నిశ్శబ్దం కావాలంటే పెందలాడే లేవాల్సిందే. కెనూ ముందురోజే అద్దెకు తీసుకుని, పార్కులోనే టెంటు వేసుకున్నాం.

ఆరున్నరకి సరస్సంతా పొగలు. "నీళ్ళు మరుగుతున్నాయా నాన్నా?" అన్నాడు ఎనిమిదేళ్ళ మా అబ్బాయి. వేసవంతా వేడెక్కిన నీళ్ళు రాత్రి గాలి చల్లబడినంత త్వరగా చల్లారవు. ఆ ఆవిరే చలిగాలి తగిలి మంచులా కనిపిస్తుంది.

మా ఆవిడకి ఈత రాదు. నాకూ అంతంతమాత్రమే. మనలో చాలామందికి నదితో పరిచయం పుష్కర స్నానం వరకే కదా! మా పదిహేనేళ్ళ అమ్మాయి మాత్రం క్యాంపులో కెనూ నడపడం నేర్చుకుంది. అందరి లైఫ్ జాకెట్ల బెల్టులూ లాగి చూశాకే ఎక్కనిచ్చింది. కెనడా నియమాల ప్రకారం పడవలో ప్రతి మనిషికీ సరిపడే జాకెట్ ఉండాలి. ఉంటే చాలదు, తొడుక్కోవాలి. దాంతోపాటు ఈల, నీళ్ళు తోడే డబ్బా, నీటిపై తేలే 15 మీటర్ల తాడు కూడా వెంట ఉండాలి.

కెనూలో ముందు కూర్చున్నవాళ్ళ పని తెడ్డు వేయడం. దారి చూసుకునేది వెనక కూర్చున్నవాళ్ళు. ఇంట్లో కారూ నాదే, దారీ నాదే. ఇక్కడ మాత్రం నేను ముందు, అమ్మాయి వెనక. "నాన్నా, నెమ్మదిగా. ఇప్పుడు ఎడమవైపు" అంటుంటే సరేనంటూ తెడ్డు వేశాను. తను చెప్పడం, నేను వినడం మా ఇంట్లో అదే మొదలేమో!

ఇంతలో పొగమంచులోంచి ఓ పొడుగాటి కూత. లూన్ పక్షి! 1987లో వచ్చిన డాలరు నాణెం మీద ఉన్నది ఇదే. అందుకే ఆ నాణేన్ని లూనీ అంటాం. చాలా పక్షుల ఎముకలు బోలుగా ఉంటాయి. దీనివి చాలావరకు గట్టివి కాబట్టి సులువుగా మునుగుతుంది. మేం దూరంగానే ఆగాం. అది బుడుంగున మునిగి, ఇంకెక్కడో తేలింది.

ఈ నేలపై తరతరాలుగా ఉన్న అనిషినాబే ప్రజలు బర్చ్ చెట్టు బెరడును స్ప్రూస్ వేళ్ళతో కుట్టి, అతుకులకు జిగురు పూసి కెనూలు చేసేవారు. ఒక సరస్సు నుంచి ఇంకో సరస్సుకి భుజాన మోసుకెళ్ళేంత తేలిక. మన కొల్లేరులో తాటి మొద్దు తొలిచి దోనె చేసినట్టే, ఏ ఊరి చెట్టు ఆ ఊరి పడవ.

ఇంత అందమైన సరస్సుకీ ఒక విషాదం ఉంది. 'ది జాక్ పైన్' చిత్రించిన టామ్ థామ్సన్ 1917 జూలై 8న ఇక్కడే కెనూలో బయలుదేరాడు. ఎనిమిది రోజుల తర్వాత శవం దొరికింది. ప్రమాదవశాత్తూ మునిగాడని తేల్చినా, ఆ మరణంపై వాదనలు ఇప్పటికీ సాగుతూనే ఉన్నాయి. కెనూ నడపడంలో ఆయన కొత్తవాడేమీ కాదు. ఒడ్డున 1930లో కట్టిన స్మారకం గురించి అమ్మాయి చెబుతుంటే, మా ఆవిడ ఇంకోసారి జాకెట్ బెల్టు తడిమి చూసుకుంది.

పిల్లల్ని ఈత క్లాసులకు దింపి, మనం గాజు అద్దం అవతల కూర్చుని ఫోన్ చూసుకుంటాం. ఈ చలికాలం మా ఆవిడ కమ్యూనిటీ సెంటర్లో పెద్దవాళ్ళ ఈత క్లాసులో చేరింది. పక్క లేన్లో నేనూ ఉన్నాను. మీరూ వస్తే అందరం కలిసి నేర్చుకుందాం!