పాత ట్రాక్టరు కొంటున్నారా? ఇంజను చల్లగా ఉన్నప్పుడే చూడండి

తొలకరి దగ్గర పడుతుంటే మా వైపు ఊళ్లలో రెండు బేరాలు జోరుగా సాగుతాయి. ఒకటి విత్తనాలు, రెండోది పాత ట్రాక్టర్లు. కాలవకి నీరు వదిలాక దమ్ము కోసం అద్దె ట్రాక్టరు వెంట పడి, వంతు రాక వారం రోజులు గట్టు మీద కూర్చున్న రైతుకి "మనకే ఒక బండి ఉంటే" అనిపించడం సహజం. కొత్తది కొనే స్తోమతు ఉండదు. పాతదైతే సగం డబ్బుకో, ఇంకా తక్కువకో వస్తుందంటారు. మొదటిసారి కొనే రైతు దెబ్బ తినేది సరిగ్గా ఇక్కడే.

ఎవరి సంగతో ఎందుకు, మా ఇంట్లో జరిగిందే చెబుతాను.

కొన్నేళ్ల కిందట మా అన్నయ్య పాత ట్రాక్టరు కొన్నాడు. మాకున్నది నాలుగెకరాలు. వెంట నేనూ వెళ్లాను. వ్యవసాయ వార్తలు రాసేవాణ్ణి కాబట్టి నాకు అన్నీ తెలుసనుకున్నాడు ఆయన. నాకు తెలిసింది ఎరువుల మోతాదులు, పురుగు మందుల పేర్లు. ఇంజను గురించి ఇద్దరికీ ఏమీ తెలియదు. బండి కొత్త రంగుతో ధగధగలాడుతోంది. మేం వెళ్లేసరికే బానెట్టు వేడిగా ఉంది. "ఇప్పుడే పొలం నుంచి వచ్చిందండీ" అన్నాడు బ్రోకరు. ఆర్.సి. మీద ఫైనాన్సు వాళ్ల పేరుంది. "అప్పు ఎప్పుడో తీరిపోయిందండీ. కాగితం వారంలో మీ ఇంటికి పంపిస్తాం. సాయంత్రం ఇంకో పార్టీ వస్తానంటున్నారు, మీ ఇష్టం" అన్నాడు. ఆ సాయంత్రం పార్టీ మాటకి మేం పడిపోయాం. అన్నయ్య అక్కడికక్కడే మొత్తం డబ్బు లెక్కపెట్టి ఇచ్చేశాడు. అందులో సగం వదిన నగలు కుదువ పెట్టి తెచ్చింది.

దమ్ము మూడో రోజున రేడియేటరులో నీళ్లు సలసల మరిగాయి. హెడ్డు విప్పించి రిపేరు చేయించేసరికి ఇరవై రోజులు పోయాయి. బండి ఇంటికొచ్చిన వారానికి ఫైనాన్సు వాళ్లు వచ్చి పట్టుకుపోయారు. పాత యజమాని కట్టవలసిన వాయిదాలు ఇంకా ఐదు ఉన్నాయట. పెద్దల్లో పెడితే ఆయన మూడు దఫాలుగా కొంత ఇచ్చాడు. మిగిలింది పోయినట్టే. నగలు విడిపించడానికి మాకు మూడేళ్లు పట్టింది.

తర్వాత అన్నయ్య మళ్లీ పాత ట్రాక్టరే కొన్నాడు. ఈసారి మా ఊరి మెకానిక్కుని వెంటబెట్టుకుని వెళ్లాం. ఆయన రెండు బండ్లు చూసి వద్దన్నాడు. మూడోది తీసుకోమన్నాడు. అది ఇప్పటికీ పొలంలో తిరుగుతోంది. ఆ మూడు బండ్ల దగ్గరా ఆయన చూపించిన సంగతులే కింద రాస్తున్నాను.

మీ ఊరి లెక్క ముందు వేసుకోండి

బండి చూడటానికి బయల్దేరకముందే కాగితం మీద లెక్క వేయాలి. మాటకి నాలుగు లక్షలు నూటికి రూపాయిన్నర వడ్డీకి తెచ్చారనుకుందాం. ఏడాదికి వడ్డీయే 72 వేలు. మీ నాలుగెకరాలకి రెండు పంటలకీ అద్దె ట్రాక్టరుకి ఇచ్చే డబ్బులో, డీజిలు ఖర్చు పోను, ఎకరానికి 5 వేలు మిగులుతాయనుకుంటే మొత్తం 20 వేలు. ఇంకా 52 వేలు బయట దున్ని సంపాదించాలి. డీజిలు, డ్రైవరు కూలి పోను ఎకరానికి వెయ్యి మిగిలితే 52 ఎకరాల పని దొరకాలి. రిపేర్లు, టైర్లు, అసలు తీర్చడం దీనిపైన. ఇవి మాటకి చెప్పిన అంకెలే. మీ ఊళ్లో అద్దె ఎంత, ఇప్పటికే ట్రాక్టర్లు ఎన్ని, బయట పని దొరుకుతుందా అన్నవి చూసుకుని మీ అంకెలు వేసుకోండి. లెక్క కుదరకపోతే అద్దె బండే మేలు. పక్క పొలాల వాళ్లు ఇద్దరు ముగ్గురు కలిసి కొనుక్కునే మార్గమూ ఉంది. అయితే ఎవరి వంతు ఎప్పుడు, రిపేరు ఖర్చు ఎవరిది అన్నది ముందే కాగితం మీద రాసుకోవాలి.

మెకానిక్కు మీ వాడై ఉండాలి

అమ్మేవాళ్లు చూపించిన మెకానిక్కు మాట వినకండి. మీకు తెలిసిన వాణ్ణి, అదే కంపెనీ బండ్లు విప్పిన చెయ్యిని తీసుకెళ్లండి. ఆయనకి రోజు కూలి, బస్సు ఛార్జీ మీరే ఇవ్వండి. బ్రోకరు చేత ఇప్పించకండి. బండి వద్దన్నా సరే కూలి ఇవ్వాలి. మా అన్నయ్య రెండుసార్లు అలా కూలి ఇచ్చి ఉత్త చేతులతో తిరిగొచ్చాడు. మొదటి బండి మీద పోగొట్టుకున్న దానితో పోలిస్తే ఆ డబ్బు ఎంత!

చల్లని ఇంజను, పొగ రంగు

వెళ్లేది తెల్లవారుజామున వెళ్లండి. "మేం వచ్చేదాకా స్టార్టు చేయొద్దు" అని ముందే చెప్పండి. వెళ్లగానే ఇంజను మీద చెయ్యి పెట్టి చూడండి. వేడిగా ఉంటే మరో రోజు వస్తామని చెప్పి వచ్చేయండి. అరిగిన ఇంజను వేడి మీద బాగానే అందుకుంటుంది. దాని అసలు గుణం చల్లగా ఉన్నప్పుడే తెలుస్తుంది.

స్టార్టు చేయకముందే ఆయిలు పుల్ల తీసి చూడాలి. ఆయిలు మజ్జిగలా తెల్లగా నురగగా ఉంటే అందులో నీళ్లు కలిసినట్టు. ఇంజను చల్లగా ఉండగానే రేడియేటరు మూత తీయాలి. వేడి మీద తీస్తే మొహం కాలుతుంది. నీళ్ల మీద ఆయిలు తెట్టు కనిపించినా, స్టార్టు చేశాక బుడగలు అదేపనిగా వస్తున్నా హెడ్డు గాస్కెట్టు పోయిందనో, హెడ్డు పగిలిందనో అనుమానించాలి. మా మొదటి బండి జబ్బు ఇదే.

స్టార్టయిన మొదటి క్షణం తెల్లపొగ కాస్త రావచ్చు. వేడెక్కాక కూడా ఆగకుండా వస్తుంటే నీళ్లు లోపలికి పోతున్నాయనో, డీజిలు సరిగా మండటం లేదనో అర్థం. నీలం రంగు పొగ వస్తే ఇంజను ఆయిలు తాగుతోంది. రింగులు, లైనర్లు అరిగి ఉండొచ్చు. నల్లపొగ అంటే గాలి చాలక గానీ, డీజిలు ఎక్కువై గానీ సరిగా మండటం లేదు. ఎయిర్ క్లీనరు మూసుకుపోయినా, ఇంజెక్టర్లు పాడైనా ఇలా వస్తుంది. ఇది ఒక్కోసారి చిన్న ఖర్చుతో పోతుంది. ఆయిలు పోసే మూత తీస్తే లోపలినుంచి గాలి బుసబుసా తంతుంటే ఇంజను పని పెద్దదే అనుకోండి. అరగంట బరువు మీద నడిపించి చూడనిదే బేరానికి కూర్చోవద్దు.

దమ్ము చేసిన బండి

డెల్టా బండ్లకి ఒక ప్రత్యేకమైన బెడద ఉంది. కేజి వీల్సు కట్టి ఏళ్ల తరబడి బురదలో తిప్పిన బండికి వెనక ఇరుసు సీళ్లు పాడై, నీళ్లు, మట్టి లోపలికి పోతాయి. వెనక హౌసింగు అడుగు నట్టు కొద్దిగా వదులు చేయించి చూడండి. ముందు నీళ్లు కారితే సంగతి తెలిసిపోతుంది. ఆయిలులో ఇనప పొడి మెరుస్తుంటే లోపల పళ్లు అరుగుతున్నాయి. ముందు చక్రాన్ని జాకీ మీద లేపి రెండు చేతులా పట్టి ఊపండి. కటకటలాడితే బేరింగులో, కింగ్ పిన్నులో అరిగాయి. బ్రేకులు రెండూ విడివిడిగా తొక్కి చూడండి. రెండు వైపులా ఒకేలా పట్టాలి.

లిఫ్టు చూసేటప్పుడు ఖాళీగా లేపి ఊరుకోకండి. రొటావేటరో, గొర్రో తగిలించి పైకెత్తి, ఇంజను ఆపించండి. అది వెంటనే కిందికి జారిపోతుంటే లిఫ్టులో పని ఉంది. బరువు కింద ఎవరినీ నిలబడనీయకండి. క్లచ్చి సంగతి మెకానిక్కుకి వదిలేయండి. పెద్ద గేరులో బ్రేకు తొక్కి క్లచ్చి వదిలితే ఇంజను ఆగిపోవాలి. ఆగకుండా తిరుగుతుంటే క్లచ్చి ప్లేటు జారుతోంది. వెనక టైర్ల జత ధర కొట్లో ముందే కనుక్కుని వెళ్లండి. పళ్లు అరిగి ఉంటే ఆ డబ్బు బేరంలో తగ్గించమని అడగొచ్చు.

గంటల మీటరుని నమ్ముకోవద్దు. మీటరు మార్చడం కష్టమేమీ కాదు. క్లచ్చి పెడల్ మీది రబ్బరు అరిగి ఇనుము మెరుస్తోందా, వెనక డ్రాబారు పిన్ను బెజ్జం కోడిగుడ్డులా సాగిందా, స్టీరింగు ఎంత వదులుగా ఉంది అన్నవి చూడండి. మీటరు తక్కువ చూపిస్తూ బెజ్జం సాగి ఉంటే ఆ బండి ట్రక్కు లాగి లాగి అలసిపోయిందన్నమాట. కొత్త రంగు వేసిన చోట వెల్డింగు అతుకులు ఉన్నాయేమో గోటితో గీకి చూడాలి.

కాగితం చూడకుండా కట్ట విప్పొద్దు

బండి ఎంత బాగున్నా కాగితాలు సరిగా లేకపోతే అది మీది కాదు. ఆర్.సి. అసలు కాపీ అడగండి. దాని మీద ఉన్న ఇంజను నంబరు, ఛాసిస్ నంబరు బండి మీద అంకెలతో ఒక్కొక్కటీ సరిచూడాలి. చెరిపి కొట్టినట్టు అనుమానం వస్తే వదిలేయండి. ఆర్.సి. మీద బ్యాంకు పేరో, ఫైనాన్సు పేరో ఉంటే అప్పు తీరినట్టు వాళ్లిచ్చే ఎన్.వో.సి., వాళ్ల సంతకంతో ఫారం 35 కావాలి. ఇవి చేతికి రానిదే మిగతా డబ్బు ఇవ్వొద్దు. అనుమానముంటే ఆ బ్రాంచికే వెళ్లి బాకీ ఎంతుందో అమ్మేవాళ్ల ఎదుటే అడగండి.

పేరు మార్పిడికి ఫారం 29, ఫారం 30 మీద సంతకాలు కావాలి. ఒకే రాష్ట్రంలో అయితే అమ్మినవాళ్లు 14 రోజుల్లో, కొన్నవాళ్లు 30 రోజుల్లో రవాణా శాఖకి తెలియజేయాలని మోటారు వాహనాల చట్టం చెబుతోంది. బీమా మీ పేరుకి మార్పించుకోవడానికి 14 రోజుల్లో దరఖాస్తు పెట్టాలి. 2014లో రాష్ట్రం విడిపోయాక సత్తుపల్లి వైపు కొన్నా పొరుగు రాష్ట్రం బండే. దానికి అక్కడి రవాణా కార్యాలయం నుంచి ఫారం 28 ఎన్.వో.సి. తేవాలి. ట్రాక్టరుకి రిజిస్ట్రేషను 15 ఏళ్లు. అది దాటిన బండి అయితే రెన్యువల్ అయిందా లేదా చూడాలి. ట్రక్కుకి వేరే నంబరు, వేరే ఆర్.సి. ఉంటాయి. ట్రక్కుతో కలిపి కొంటే రెండూ అడగండి. వ్యవసాయానికి తీసిన పాలసీతో ఇసుక, ఇటుక తోలితే ప్రమాదం జరిగినప్పుడు బీమా వాళ్లు పేచీ పెడతారు.

"పేరు మార్పిడి తర్వాత చూద్దాంలెండి" అనే అమ్మకందారుకి ఒక సంగతి చెప్పండి. బండి అమ్మేసినా రికార్డులో ఎవరి పేరుంటే వాళ్లే యజమాని కింద లెక్క అని, ప్రమాద పరిహారం బాధ్యత వాళ్లదేనని 2018లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ఇది వింటే ఆయనే మీకంటే ముందు ఆఫీసుకి వస్తాడు.

తొందర ఎవరిదో చూడండి

దమ్ముల ముందు కొనేవాడికి తొందర. పంట అయిపోయి పని లేని రోజుల్లో అమ్మేవాడికి తొందర. వీలుంటే రబీ కోతలు అయ్యాక వేసవిలో తిరగండి. రెండు మూడు బండ్లు చూసే తీరిక ఉంటుంది, బాగోలేకపోతే రిపేరుకి సమయమూ ఉంటుంది. ఇంకో పార్టీ వస్తున్నారని ఎవరైనా అంటే "రానివ్వండి" అనండి. మేం ఆ ఒక్క మాట అనలేకపోయాం.

బయానా రసీదులో రాయించవలసినవి

* బండి నంబరు, ఇంజను నంబరు, ఛాసిస్ నంబరు
* మొత్తం ధర, ఇచ్చిన బయానా, మిగతా డబ్బు ఇచ్చే తేదీ
* బండి మీద అప్పు లేదని, ఉంటే ఏ తేదీ లోపు తీర్చి ఎన్.వో.సి. ఇస్తారో
* ఎన్.వో.సి. రాకపోతే బయానా మొత్తం తిరిగి ఇస్తామన్న మాట
* బండితో పాటు ఇచ్చేవి: ట్రక్కు, కేజి వీల్సు, గొర్రు వగైరా
* ఇద్దరి సంతకాలు, రెండు ఊళ్ల నుంచి చెరొక సాక్షి సంతకం

బయానా ఎంత తక్కువైతే అంత మంచిది. డబ్బు బ్యాంకు ద్వారా ఇస్తే ఇచ్చినట్టు రుజువు ఉంటుంది. బ్రోకరు చేతికి కాకుండా ఆర్.సి.లో పేరున్న మనిషికే ఇవ్వండి.