హఠాన్మరణం: గుండె 'మామూలుగా ఉంది' అంటే గుండెపోటు కాదనేనా?

రాత్రి ఛాతీలో మంట అని గ్యాస్ గోలీ వేసుకుని పడుకున్న మనిషి తెల్లారేసరికి లేడు. సోలాపూర్‌లోని మన నేత పేటల్లో ఇలాంటి కబురు కొత్త కాదు. డాక్టర్ మరణ కారణం రాయలేకపోతే పంచనామా, పోస్ట్‌మార్టం జరుగుతాయి. మొదటి రిపోర్టులో ఒక్కోసారి 'అభిప్రాయం తర్వాత' అని ఉంటుంది. అంతే, ఇంట్లో అనుమానాలు మొదలవుతాయి: ఎవరైనా ఏమైనా పెట్టారా? ఏదైనా దాస్తున్నారా?

చాలాసార్లు అసలు సంగతి వేరు. రక్తనాళం మూసుకుపోయిన 20 నుంచి 40 నిమిషాల్లో గుండె కండరం చావడం మొదలవుతుంది. కానీ ఆ మార్పు కంటికి కనబడాలంటే సాధారణంగా 12 గంటలు కావాలి. అవి మనిషి బతికి ఉన్న గంటలే. ప్రాణం పోతే ఆ మార్పు అక్కడే ఆగిపోతుంది. కాబట్టి నొప్పి వచ్చిన మూడు గంటలకే పోయినవారి గుండె చూడటానికి బాగానే ఉండొచ్చు.

అక్కడ రంగు పరీక్ష పనికొస్తుంది. గుండె ముక్కను టీటీసీ అనే రసాయనంలో ఉంచితే, దెబ్బతినని కండరంలోని ఎంజైముల వల్ల అది ఇటుక ఎరుపుకు తిరుగుతుంది. చచ్చిన భాగానికి రంగు పట్టదు. నొప్పి మొదలయ్యాక రెండు మూడు గంటలు బతికినవారిలో ఇది తేడా చూపగలదు. అయితే గుండె తాజాగా ఉండాలి, ఫార్మలిన్‌లో వేసి ఉండకూడదు. మైక్రోస్కోప్‌లో స్పష్టమైన మార్పులు 4 నుంచి 12 గంటల మధ్య మొదలవుతాయి. నిమిషాల్లో పోయినవారి కండరంలో ఏమీ దొరక్కపోవచ్చు. అప్పుడు రక్తనాళంలోని గడ్డ, పూడికలే ఆధారం.

అందుకే కుటుంబం చెప్పే ఒక్క మాట చాలా విలువైనది: నొప్పి ఎన్ని గంటలకు మొదలైంది? దానితోపాటు షుగర్, బీపీ, వాడిన మందులు, పాత ఈసీజీలు డాక్టర్‌కు చూపించండి. శవపరీక్షను ఆలస్యం చేయకండి. ముక్కల పరీక్ష అయ్యాక తుది రిపోర్టు తప్పక తెచ్చుకోండి. ఇన్సూరెన్సుకే కాదు, పోయినవారి అన్నదమ్ములకు, అక్కచెల్లెళ్లకు, పిల్లలకు అది హెచ్చరిక. చిన్న వయసులో గుండెపోటు వచ్చిన ఇంట్లో మిగతావారు బీపీ, షుగర్, కొలెస్ట్రాల్, ఈసీజీ చూపించుకోవాలి.

ఇక బతికున్నవారి మాట. ఛాతీ బరువు, చెమటలు, ఎడమ చేయి లాగడం ఉంటే గ్యాస్ అనుకుని షిఫ్టు అయ్యేదాకా ఆగకండి, 108కు ఫోన్ చేయండి. రక్తంలో ట్రోపోనిన్ పెరగడానికి కొన్ని గంటలు పట్టొచ్చు. మొదటి పరీక్ష బాగుందని లేచి రాకండి. డాక్టర్ మళ్లీ చేయాలంటే ఆగండి.