నాలుగు గదులు, నాలుగు తలుపులు

‘‘అన్నా, గుండెకాయ ఒకటి ఇవ్వు, ముక్కలు కొట్టకు’’ అన్నాను. మటన్ కొట్టతను కత్తి ఆపి వింతగా చూశాడు. పదో తరగతి చదివే మా అమ్మాయికి జీవశాస్త్రం ప్రయోగం మరి! ఇంటికి తెచ్చి, కడిగి, పళ్లెంలో పెట్టి బ్లేడుతో నిలువునా కోశాం. మేకదైనా మనిషిదైనా అమరిక ఒకటే. పైన రెండు కర్ణికలు, కింద రెండు జఠరికలు. మనిషి గుండె అతని గుప్పిటంత, సుమారు 300 గ్రాములు ఉంటుంది. ఛాతీ నడుమనే ఉండి కాస్త ఎడమకు ఒరుగుతుంది. మన హీరోలు చెయ్యి వేసుకునే చోటు కంటే లోపలికే అన్నమాట.

ముందుగా కంటబడేది గోడల తేడా. కుడి జఠరిక గోడ పలచన. ఎడమది దానికి దాదాపు మూడింతలు. ఒళ్లంతా తిరిగొచ్చిన రక్తాన్ని కుడివైపు పక్కనున్న ఊపిరితిత్తులకు తోస్తే చాలు. అక్కడ ఆక్సిజన్ నింపుకొని ఎడమవైపు దిగిన రక్తాన్ని మాత్రం మహాధమని గుండా నడినెత్తి నుంచి కాలి బొటనవేలి దాకా పంపాలి. డాక్టరు బీపీ 120/80 అంటే అందులో 120 ఎడమ జఠరిక నొక్కుడే. కుడివైపు 25 దాటితే ఎక్కువ.

అయితే కండకు నొక్కడమే తెలుసు, దారి తెలియదు. నీళ్ల సంచి నడుమ నొక్కితే నీళ్లు రెండువైపులా చిమ్ముతాయి కదా! రక్తానికి దారి చెప్పేవి తలుపులు, అంటే కవాటాలు. కర్ణికకూ జఠరికకూ మధ్య చెరొకటి, రెండు పెద్ద ధమనుల మొదట్లో చెరొకటి. మా అమ్మాయి పట్టకారుతో పైకెత్తిన తెల్లటి నారపోగులు ఆ లోపలి తలుపులవే. గాలివానలో గొడుగు తిరగబడ్డట్టు కవాటం రేకులు వెనక్కి తిరగబడకుండా అవి బిగపట్టి ఉంచుతాయి. స్టెతస్కోపులో వినిపించే ‘లబ్’ ఈ లోపలి తలుపులు రెండూ మూసుకున్న చప్పుడు. ‘డబ్’ ధమనుల దగ్గరివి మూసుకున్నది.

రక్తం తిరుగుతుందన్న సంగతి బయటపడిందీ తలుపుల వల్లే. తిన్న తిండి నుంచి కాలేయం రక్తం తయారుచేస్తుందని, కాలువ నీటిని పొలం తాగినట్టు ఒళ్లు దాన్ని పీల్చేసుకుంటుందని గ్రీకు వైద్యుడు గేలెన్ రెండో శతాబ్దంలో చెప్పిన మాటను యూరప్ దాదాపు 1,400 ఏళ్లు నమ్మింది. ఇంగ్లండు వైద్యుడు విలియం హార్వే లెక్క వేశాడు. ఇవాళ్టి అంకెల్లో చెప్పుకుందాం. కొట్టుకున్న ప్రతిసారీ 70 మిల్లీలీటర్లు, నిమిషానికి 72 సార్లు. అంటే అయిదు లీటర్లు, గంటకు 300 లీటర్లు. అంత రక్తం పుట్టాలంటే ఎంత తినాలి? వెళ్లిందే తిరిగి రావాలి! సిరల్లోని తలుపులను అతని గురువు ఫాబ్రిసియస్ 1603లోనే వర్ణించాడు కానీ, రక్తం జోరు తగ్గించడానికేనని సరిపెట్టుకున్నాడు. అవి గుండె వైపే తెరుచుకుంటాయని శిష్యుడు పట్టాడు. మీరూ చూడొచ్చు. చెయ్యి కిందికి వేలాడేసి, ఉబ్బిన సిరను ఒక వేలితో నొక్కిపట్టి, ఇంకో వేలితో మోచేతి వైపు తుడవండి. పై వేలు తీసినా రక్తం వెనక్కి రాదు.

1628లో హార్వే తన పుస్తకం అచ్చేశాడు. ధమని నుంచి సిరకు రక్తం ఎలా దాటుతుందో మాత్రం అతని కంటికి ఆనలేదు. 1657లో పోయాడు. నాలుగేళ్లకు ఇటలీలో మాల్పీగీ అనే వైద్యుడు సూక్ష్మదర్శిని కింద కప్ప ఊపిరితిత్తుల్లో ఆ రెంటినీ కలిపే సన్నటి కేశనాళికలను చూశాడు.

ఇంత పకడ్బందీ తలుపును పాడుచేసేది ఒక్కోసారి మామూలు గొంతునొప్పి. స్ట్రెప్టోకాకస్ బ్యాక్టీరియా వల్ల వచ్చిన నొప్పికి మందు వాడకపోతే కొందరు పిల్లలకు రుమాటిక్ జ్వరం తగులుకుంటుంది. కీళ్లు వాస్తాయి, తగ్గిపోతాయి, ఇంట్లోవాళ్లు మరిచిపోతారు. ఈలోగా ఒంటి రక్షణ వ్యవస్థే కవాటం మీద పడుతుంది. ఎక్కువగా దెబ్బతినేది ఎడమవైపు మిట్రల్ కవాటం. రేకులు మందమెక్కి అతుక్కుంటే రక్తం ఊపిరితిత్తుల్లో నిలవపడి ఆయాసం మొదలవుతుంది. కొందరు ఆడవాళ్లకు ఈ సంగతి తొలిచూలు నాడు గానీ తెలియదు. మన దేశంలో ఈ జబ్బు ఇంకా పోలేదు.

కాబట్టి పిల్లలకు జ్వరంతో గొంతు నొప్పి వస్తే ఉప్పునీళ్లు పుక్కిలించమని ఊరుకోకండి, డాక్టరుకు చూపించండి. యాంటీబయాటిక్ రాస్తే, రెండో రోజుకే నెమ్మదించినా సరే, చివరి మాత్ర దాకా వేయించండి.