పాతరగడ్డి కుళ్లదేల?

తొలకరి మొదలు కార్తికము వఱకు పచ్చిమేతకు కొదువ యుండదు. ఎండలు ముదిరిన పిదప పాడిపశువునకు ఎండుగడ్డియే గతి యగును, పాలును తగ్గును. వానకాలపు పచ్చిమేతను వేసవికి దాచు ఉపాయమే పాతరగడ్డి. దీనినే నేడు సైలేజి యనుచున్నారు.

పచ్చిగడ్డిని ఊరక కుప్పవేసిన కుళ్లును గదా, పాతరలో నేల కుళ్లదు? కోసిన పిదపను మేతలోని కణములు కొంతకాలము శ్వాసించుచు, చక్కెరను వ్యయపఱచి వేడి పుట్టించును. గాలి యున్నంతవఱకు బూజును చెలరేగును. గాలి తొలగినంతనే, పాలను పెరుగు చేయువానికి జ్ఞాతులైన సూక్ష్మజీవులు విజృంభించి, మేతలోని చక్కెరను లాక్టికామ్లముగా మార్చి, ఆ పులుపుచేతనే కుళ్లబెట్టు జీవులను అణచివేయును. కావున పాతర వేయువానికి ప్రథమశత్రువు గాలియే.

చక్కెర పుష్కలముగా నుండుటచే మొక్కజొన్న ఇందుకు శ్రేష్ఠము. గింజ పాలదశ దాటి పిండికట్టుచున్నపుడు కోసి, రెండు సెంటీమీటర్లకు మించని ముక్కలుగా నఱికి, పిడికిట బిగించి విడిచినపుడు నీరు కారక, ముద్ద మెల్లగా విడివడునంతటి తేమ, అనగా నూటికి 65 మొదలు 70 పాళ్లు, ఉన్నదని నిశ్చయించుకొని, మెరకనేలలో త్రవ్విన పాతరయందు పొరలుపొరలుగా పఱచి, ప్రతిపొరను ట్రాక్టరుతోనో కాళ్లతోనో త్రొక్కి, పాలిథీను పట్టా కప్పి, పైన మట్టి యెత్తవలెను. నా తలంపున త్రొక్కుటయందలి శ్రద్ధయే సర్వస్వము. బెల్లపుమడ్డి కలుపుట చక్కెర తక్కువైన గడ్డికే అవసరము.

సుమారు 45 దినములకు తెఱచినపుడు పసుపు కలిసిన ఆకుపచ్చ వర్ణమును, ఇంపైన పులుపువాసనయు నున్నచో మేత మేలైనది. బాలలారా, బూజుపట్టిన భాగమును పశువునకు పెట్టకుడు. ఏనాటి మేతను ఆనాడే ఒకవైపునుండి తీసి, వెంటనే పట్టా కప్పివేయుడు.