బొమ్మల చిత్రములు: వసూలు వేఱు, లాభము వేఱు



తెరవెనుక దీపము పెట్టి తోలుబొమ్మలాడించి, రామాయణ భారతకథలను తెల్లవాఱులు చూపిన సీమ మనది. నిమ్మలకుంటలో నేటికిని ఆ బొమ్మలు చేయువారు గలరు. నేడు కంప్యూటరు సాయమున బొమ్మలు వెండితెరపై నడచుచున్నవి. ఆ విద్య నేర్వవలెనని తాడిపత్రి ప్రాంతపు పిల్లవాడు హైదరాబాదునకు బయలుదేరినచో, రుసుము కట్టవలసినవారు ఇంటి పెద్దలే. కావున ఈ వృత్తిలో ధనమెట్లు వచ్చి యెట్లు పోవునో విచారింతము.

చిత్రమునందు సెకనునకు 24 బొమ్మలు తెరపై మాఱును. రెండు గంటల చిత్రమునకు 1,72,800 కావలెను. ఏండ్లతరబడి చిత్రకారులకు జీతములీయవలెను. రాబడి ముఖ్యముగా విడుదల పిమ్మటనే. విత్తనము, ఎరువు, కూలి ముందుగా పెట్టి మబ్బుకై చూచు వేరుసెనగ రైతు స్థితియే యిది. అమెరికాలో వాల్ట్ డిస్నీ 1937లో సుమారు 15 లక్షల డాలర్లతో 'స్నో వైట్' తీయగా, తొలి విడుదలలోనే దాదాపు 80 లక్షలు వచ్చెను. 1940లో 'పినోకియో'కు అంతకంటె నెక్కువ వ్యయమయ్యెను. యుద్ధముచే ఐరోపా మార్కెట్టు మూతపడుటచే నష్టము వచ్చెను.

మన దేశమున 2025 జూలై 25న అశ్విన్ కుమార్ దర్శకత్వమున 'మహావతార్ నరసింహ' విడుదలయ్యెను. అహోబిలము, కదిరి క్షేత్రముల వలన మనకు సుపరిచితమైన ప్రహ్లాదుని కథయే యది. తొలిదినమున వసూలు స్వల్పము. చూచినవారి నోటిమాటచే నది దినదినము పెరిగి 300 కోట్ల రూపాయలు దాటెను. అయితే అంతయు నిర్మాతకు దక్కెననుకొనరాదు. అందుండి ప్రభుత్వపు పన్ను పోవును. మిగిలినదానిలో సుమారు సగము సినిమాహాళ్లకు పోవును. పంపిణీదారుని వాటా, ప్రకటనల ఖర్చు పిమ్మట తీయవలెను. మండీలో పలికిన ధరయంతయు రైతు నింటికి రానట్లే యిదియును.

ఇక కూలికి బొమ్మలు చేసి యిచ్చు సంస్థల సంగతి. 'లైఫ్ ఆఫ్ పై' చిత్రములోని పులిని సృష్టించిన రిథమ్ అండ్ హ్యూస్ సంస్థకు హైదరాబాదులోను శాఖ యుండెడిది. ఆ చిత్రము 60 కోట్ల డాలర్లకు పైగా వసూలు చేసెను. అయినను 2013 ఫిబ్రవరిలో సంస్థ దివాలా తీసెను. అదే నెల 24న ఆ పనికే ఆస్కారు బహుమానము వచ్చెను. ఇట్టి సంస్థలకు ముందుగా కుదిరిన మొత్తమే గాని వసూలులో భాగము లేదు. చిత్రము తీయువారు మార్పులు కోరినకొలది పని పెరుగును, కూలి పెరుగదు. బండలు మెఱుగుపెట్టు తాడిపత్రివారికి ఈ చిక్కు తెలియనిది కాదు.

దీనికి భిన్నముగ 2001లో హైదరాబాదున రాజీవ్ చిలక స్థాపించిన గ్రీన్ గోల్డ్ సంస్థ, 2008లో 'ఛోటా భీమ్' అను స్వంత బాలవీరుని టెలివిజనునకు తెచ్చెను. బొమ్మపై హక్కు తమదే యగుటచే, కథల వలననే గాక పుస్తకములు, ఆటబొమ్మలు, దుస్తుల వలనను రాబడి గలిగెను.

కావున పిల్లవాని చదువునకై పొలము తాకట్టు పెట్టుటకు మునుపు, 300 కోట్ల మాట విని మురియక, మూడు ప్రశ్నలడుగుడు: ఆ సంస్థ చేయునది కూలి పనియా, స్వంత పనియా? ఒక చిత్రము ముగిసి మఱియొకటి వచ్చువఱకు జీతమిచ్చునా? అచ్చట చదివినవారిలో ఎందఱికి పని దొరకినది? మూడవదానికి జవాబును ఆ చదివినవారి నోటనే వినుడు.