ఎడారి శివారులో కాపురము

కుమారునకో అల్లునికో అమెరికాలో ఉద్యోగము మారినదన్న వార్త నేడు తెలుగు ఇండ్లలో వింత గాదు. కాని ఆ క్రొత్త ఉద్యోగము అరిజోనా రాష్ట్రములోని ఫీనిక్సు నగరప్రాంతమున దొరకినచో ఇంటిలో చర్చ పుట్టును. "అది ఎడారి యట గదా, పసిబిడ్డతో ఎట్లుందురు?" అని తల్లి యడుగును. "ఎయిర్ కండిషనరు ఉండగా ఎడారి యేమి చేయునమ్మా?" అని కొడుకు నవ్వును. కోడలు తాము చూచిన ఇంటి ఫోటోలు పంపును: నీలాకాశము, వాకిట కాచిన నారింజచెట్టు, పెరటిలో ఈతకొలను, దూరమున కొండలు. ఆ ఫోటోలలో అసత్యము లేదు. కాని అవి జనవరిలో తీసినవి. ఆ యూర ఇల్లు చూడవలసినది జూలైలో నని మేము చెప్పుచున్నాము. ఉద్యోగస్థుడు పగలంతయు కార్యాలయపు చల్లదనమున గడపును. స్త్రీలును నేడు ఉద్యోగములు చేయుచున్నను, బిడ్డ చిన్నదైనప్పుడు గాని, వీసా నియమములచే పని చేయ వీలులేనప్పుడు గాని, జూలై పగళ్లను ఆ నాలుగు గోడలలో గడపునది ఇల్లాలే. స్వదేశమునుండి చూడవచ్చిన అత్తమామల పాలును అదియే.

మొదట ఆ దేశస్థితి తెలియవలెను. ఫీనిక్సు సొనోరన్ ఎడారిలోనిది. రాజస్థానమువలె ఇసుకతిన్నెల సీమ గాదు. స్తంభములవలె నిలిచిన సగువారో జెముళ్లు, పచ్చని బెరడుగల పాలోవెర్డి చెట్లు ఆ నేలకొక యందము నిచ్చుచున్నవి. వాన మాత్రము ఏటికి 7, 8 అంగుళములకు మించదు. కరవుసీమ యని మనము చెప్పుకొను అనంతపురమునందైనను దానికి రెట్టింపునకు పైగా కురియును. పూర్వము హోహోకం అను ప్రజలు అచ్చట కాలువలు త్రవ్వి వందల యేండ్లు సేద్యము చేసి, 15వ శతాబ్దిలో ఆ చోటు విడిచిపోయిరి. 1867 తరువాత వచ్చిన తెల్లవారు ఆ పాడుపడిన కాలువల జాడలు పట్టియే మరల నీరు పారించిరి. బూడిదనుండి లేచు పక్షి పేరు ఊరికి వచ్చుటకు కారణ మిదియే. ఎయిర్ కండిషనరు లేని కాలమున అచ్చటివారు దోమతెర కట్టిన వరండాలలో తడిదుప్పట్లు వ్రేలాడగట్టుకొని వేసవిరాత్రులు నిద్రించెడివారట. మన తాతలనాటి వట్టివేళ్ల తడికెలు వారికి తెలిసియుండిన సంతోషించియుందురు!

రెండవ ప్రపంచయుద్ధము తరువాత శీతలయంత్రములు ఇంటింట వచ్చినవి, ఊరు పెరిగినది. 1950లో లక్షకు కొంచెము మించిన ఫీనిక్సు జనసంఖ్య 2020 నాటికి 16 లక్షలైనది. దానికి ఆగ్నేయమున ఒకప్పుడు ఎండుగడ్డి యెగుమతికి పేరొందిన గిల్బర్టు అను పల్లెలో 1980లో ఆరువేలమందియైన లేరు. 2020లో 2 లక్షల 67 వేలమంది. ప్రక్కనున్న చాండ్లరులో ఇంటెల్ కంపెనీవారి చిప్పుల కర్మాగారములు ఉన్నవి. మనవారు ఈ రెండు శివార్లలో ఎక్కువగా కాపురములు పెట్టుటకు ముఖ్యకారణ మదియే.

ఇక ఎండ మాట. రెంటచింతల, రామగుండముల ఎండలెరిగిన మనకు ఎండ భయమేల యని కొందరందురు. మనకు 45 డిగ్రీలు తెలియును. కాని అవి కొన్నిదినములే, తొలకరితో ముగియును. ఫీనిక్సులో 1990 జూన్ 26న 50 డిగ్రీలు నమోదైనది. అంతకంటె చూడదగినది ఎండ యొక్క నిడివి. 2023లో జూన్ చివరి దినము మొదలు వరుసగా 31 దినములు ఉష్ణోగ్రత 43 డిగ్రీలకు తగ్గలేదు. 2024లో మే 27 నుండి సెప్టెంబరు 16 వరకు 113 దినములు ప్రతిదినమును వంద ఫారన్‌హీటు డిగ్రీలు, అనగా దాదాపు 38, దాటెను. రాత్రియైన చల్లబడునా యన్న, తారురోడ్లును సిమెంటు గోడలును పగటివేడిమిని దాచుకొని రాత్రి వెలిగ్రక్కును. 2023 జూలైలో 16 రాత్రులు వరుసగా 32 డిగ్రీలకు దిగలేదు. వేసవిలో చన్నీళ్ల కుళాయి త్రిప్పినను గోరువెచ్చని నీరే వచ్చును.

అయినను పొడియెండలో ఒక సుఖము గలదు. మచిలీపట్నపు ఉక్క అచ్చట లేదు; నీడకు చేరినంతనే ప్రాణము తెరిపినపడును. అప్పడములు, వడియములు, మిరపకాయలు పూటలో ఎండును. మేడలేని యిండ్లలో మన చెల్లెండ్రు పెరటి బల్లపైననే ఊరగాయ ముక్కలు ఆరబెట్టుకొనుచున్నారు. (వీధికి కనబడునట్లు బట్టలారవేయుటను కొన్ని కాలనీల సంఘములు ఒప్పుకొనవు. ఎండకు కొదవలేని యూర యంత్రముతో బట్టలార్చుకొనుమనుట మాకు నవ్వు పుట్టించినది.) కాని అదే పొడితనము మోసమును చేయును. చెమట పట్టినట్లే తెలియక ఆరిపోవును గనుక దేహమునుండి ఎంత నీరు పోవుచున్నదో తోచదు. పిల్లలు, వృద్ధులు దప్పిక గాకపోయినను నీరు, మజ్జిగ త్రాగుచుండవలెను.

మేలులును తక్కువవి కావు. నవంబరు మొదలు మార్చి వరకు అచ్చటి వాతావరణము స్వర్గతుల్యము. జనవరి మధ్యాహ్నము 20 డిగ్రీలు. మంచు పారవేయు పని లేదు, ఉన్నికోట్లలో బిడ్డలను మూటగట్టు పని లేదు. షికాగోలో, న్యూజెర్సీలో ఆరేడు చలికాలములు గడిపినవారు దీనికొరకే ఎడారికి వచ్చుట కలదు. కాలిఫోర్నియాలో చిన్న యిల్లు కొనజాలని సొమ్ముతో ఇచ్చట విశాలమైన యిల్లు దొరకును. మునగ ఆ నేల మెచ్చిన చెట్టు. గోంగూర, బెండ ఎండలోనే పెరుగును. మెంతి, పాలకూర, కొత్తిమీర మన మాఘమాసపు మడులవలె చలికాలమున వచ్చును. కరివేపకు, తులసికి జనవరి మంచురాత్రులలో దుప్పటి కప్పిన చాలును. దక్షిణమున మారికోపా యను ఊరిలో మహాగణపతి ఆలయమున్నది. ఇంకొక చిన్న సౌకర్యము: అమెరికాలో తక్కిన చోట్లవలె ఆ రాష్ట్రమున (నవాహో జాతివారి సీమలో తప్ప) గడియారమును ఏటికి రెండుసారులు త్రిప్పరు. మనకును వారికిని నడుమ ఏడాదిపొడవునను పండ్రెండున్నర గంటలే. కూతురు ఉదయము ఆరింటికి కాఫీ పెట్టుకొనుచు పిలిచిన, ఇచ్చట తల్లి ఆరున్నరకు సంధ్యాదీపము పెట్టుచుండును.

ఇవి విని ఇల్లు కొనుటకు తొందరపడకుడు. వేసవి మూడునాలుగు మాసములు ఆ వీధులు పగలు నిర్జనములు. పొరుగమ్మ కనబడదు, పార్కున పిల్లలుండరు, తలుపులు తెరువరు. అంగడికి నడిచి పోవుటయన్న మాట లేదు. నగరపు రైలు చాండ్లరునకు గాని గిల్బర్టునకు గాని రాదు. ఇంట ఒకే కారుండి, దానిని భర్త కార్యాలయమునకు తీసికొనిపోయినచో, బిడ్డతో ఇల్లాలు సాయంకాలము వరకు ఇంట బందీ యగును. దీనిని మగవారు లెక్కలోనికి తెచ్చుకొనరు. జీతమెంత, ఇంటి అప్పుపై వడ్డియెంత యని వ్రాసికొను కాగితముపైన రెండవ కారు, ఆమెకు డ్రైవింగు నేర్పుట అను పద్దులును మొదటనే వ్రాయవలెనని మా గట్టి యభిప్రాయము.

రెండవది, ఆ యిల్లు ఒక యంత్రముపై ఆధారపడి యున్నది. మన ఊర కరెంటు పోయిన అరుగుపై కూర్చుందుము, విసనకఱ్ఱ అందుకొందుము. అచ్చట జూలైలో యంత్రము చెడిన, కొన్నిగంటలలో ఇల్లు కొలిమి యగును. ఫీనిక్సున్న మారికోపా జిల్లాలో 2023లో వేడిమి కారణముగా 645 మంది మరణించిరి. వారిలో పెక్కుమంది ఇల్లులేని నిరుపేదలు. కాని ఇంటిలోపల మరణించినవారును కలరు; వారి యిండ్లలో అధికభాగమున శీతలయంత్రము ఉండియు పనిచేయుట లేదు. 2018లో ఒక శివారున, బిల్లు బాకీ పడినందుకు కంపెనీవారు కరెంటు తీసివేయగా ఒక వృద్ధురాలు తన యింటిలోనే వేడిమికి మరణించెను. అటుపిమ్మట 2019లో, వేసవి మాసములలో బాకీ కొరకు కరెంటు తీసివేయరాదని రాష్ట్రాధికారులు నిషేధించిరి. కావున ఇల్లు చూచునప్పుడు వంటగది రాళ్ల నిగనిగకంటె ముందు యంత్రపు వయస్సు, కిటికీలు పడమర కున్నవా, గత జూలై కరెంటు బిల్లు ఎంత యను సంగతు లడుగవలెను.

పసిపిల్లల తల్లులు మఱి మూడు చెవిని వేసికొనవలెను. ఆగియున్న కారులో బిడ్డను ఒక్క నిమిషమైనను విడువరాదు. వేసవిలో తారురోడ్డు 70 డిగ్రీల వేడి కెక్కును; చెప్పులులేని పాదము క్షణములలో బొబ్బలెక్కును. ఈతకొలను ఫోటోలో అందమే గాని, అమెరికాలో ఒకటి మొదలు నాలుగేండ్ల పిల్లల మరణములకు నీట మునుగుటయే మొదటి కారణము. కొలనుచుట్టు కంచె, తనంతట మూసికొను తలుపు లేని యిల్లు మీకు వలదు. తేళ్లును కలవు. అవి అతినీలలోహిత కాంతిలో పచ్చగా మెరయును. ఆ దీపము కొనియుంచుకొని రాత్రులు గోడలమూలలు చూచుట అచ్చటి యిండ్లలో వాడుక.

నీటి సంగతి పెద్దది. అచ్చటి నీటిలో కొంత కొలరాడో నదినుండి 336 మైళ్ల కాలువలో ఎత్తిపోతలమీద వచ్చును. ఆ నది క్షీణించుచున్నది. 2021లో అమెరికా ప్రభుత్వము మొట్టమొదటిసారి ఆ నదికి నీటికొరతను ప్రకటింపగా మరుసటియేట అరిజోనా వాటాలో కోత పడెను. భూగర్భజలమునే నమ్ముకొన్న క్రొత్త కాలనీలకు ఫీనిక్సు ప్రాంతమున ఇక అనుమతి లేదని 2023 జూన్‌లో రాష్ట్రము ప్రకటించెను. ఆ యేటి జనవరి 1 నుండియే రియో వెర్డీ ఫుట్‌హిల్సు అను చోట, ట్యాంకరు నీటిపై బ్రతుకు వందలకొలది యిండ్లకు స్కాట్సుడేలు నగరము నీరు మానివేసినది. లక్షల డాలర్ల భవనములవారు కాగితపు పళ్లెములలో తినిరి, వాననీరు పట్టుకొనిరి. తుదకు శాసనముచే తాత్కాలికపు ఏర్పాటు జరిగినది. చాండ్లరు, గిల్బర్టులకు పలువిధముల నీటివనరులు ఉన్నవి. అక్కడివారికి అట్టి భయము లేదు. కాని నగరపరిధి దాటి చౌకగా వచ్చిన క్రొత్తయిల్లు చూచువారు, ఈ కుళాయిలోని నీరు ఎక్కడిదని అడుగక సంతకము చేయరాదు.

మా తీర్పు అడిగిన, పోవచ్చుననియే చెప్పుదుము. కాని ఒక వేసవి అద్దెయింట గడపి, ఆ వేసవి నిట్టూర్పుగా గడచినదో నవ్వుతో గడచినదో ఇల్లాలి నోట విన్నపిమ్మట కొనవలెను. ఒంటరితనమును ఓర్వలేని కోడలిని తొలి కాన్పుతో అచ్చటికి మే మాసమున పంపుట మాకు సమ్మతము గాదు.

అత్తమామలు పోదలచినచో అక్టోబరు చివర బయలుదేరి మార్చిలో మరలుట మేలు. జూలై మొదలు వచ్చు దుమ్ముతుపానులు పట్టపగలు చీకటి గావించును. ఎండ తగ్గిన మాసములలోను గాలిలేచి దుమ్మెగసినప్పుడు కిటికీలు మూసి లోపలనే యుండవలెను. ఏలయన, ఆ నేల మట్టిలో ఒక బూజు కలదు. దుమ్ముతో ఊపిరితిత్తులలో చేరి జ్వరము, దగ్గు, మాసములకొలది నీరసము కలిగించును. దానిని లోయజ్వరమందురు. ఒకరినుండి ఒకరికి అంటదు, పెక్కుమందికి తెలియకయే పోవును. కాని మధుమేహము గలవారికి, గర్భిణులకు ముదురు భయము ఎక్కువ. మన దేశపు వైద్యుడు దీనిని సాధారణముగా ఊహింపడు. తిరిగి వచ్చిన కొలది వారములలో దగ్గు, జ్వరము పట్టి మామూలు మందులకు లొంగనిచో, తాము అరిజోనాలో ఉండి వచ్చితిమని మొదటి మాటగా వైద్యునితో చెప్పవలెను.